మారుపలుకు

రైలింజన్‌లో ఇద్దరుంటారు. ముందు సిగ్నల్ కనపడగానే ఒకరు చెయ్యి చాచి దాని రంగు గట్టిగా చెప్పాలి. దీన్నే సిగ్నల్ పిలవడం అంటారు. రెండోవారు అదే మాట తిరిగి చెప్పాలి. ఒకరు చూస్తే చాలదు. చూసి చెప్పినా చాలదు. మారు పలికినప్పుడే ఆ సిగ్నల్‌ను చూసినట్టు.

కాజీపేట సుదర్శన్ ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాడు. ఒక్క సిగ్నల్ తప్పలేదు. ఒక్క సంజాయిషీ రాసివ్వలేదు. తోటి డ్రైవర్లు అతన్ని 'రైట్ టైం సుదర్శన్' అంటారు. ఆ పేరులో మెప్పు ఉంది, కొంచెం ఎగతాళీ ఉంది. పెళ్లినాడు కూడా పురోహితుడి కంటే ముందే వచ్చి పీటల మీద కూర్చున్నాడని భార్య యమున ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

ఆ చలికాలం అతనికి రెండు మంచి కబుర్లు వెంటవెంటనే వచ్చాయి. పనితనానికి పెద్ద షీల్డు ఇచ్చారు. దాన్ని గోంగూర కట్టలతో పాటు ఒకే సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. గోంగూర తీస్తుంటే యమున చేతికి తగిలింది.

"గిదేంది?"

"షీల్డు. ఇచ్చిండ్రు."

"ఎందుకిచ్చిండ్రు?"

"మంచిగ నడిపిస్తాననట."

రెండోది, లోకో ఇన్‌స్పెక్టర్ పోస్టుకు పెట్టిన పరీక్షలో అతను ఫస్ట్ వచ్చాడు. ఇన్‌స్పెక్టర్ బండి నడపడు. నడిపేవాళ్ల పక్కన నిలబడి, వాళ్ల పని చూసి, తప్పులు దిద్దుతాడు. ఖాళీలు రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి సికింద్రాబాద్, పెద్ద ఆఫీసు. రెండోది డోర్నకల్, చిన్న జంక్షను. ఫస్ట్ వచ్చినవాడిదే మొదటి ఎంపిక. పోస్టు వద్దనుకుంటే ఆ మాటే రాసి, బండి నడుపుకుంటూ ఉండిపోవచ్చు. ఫిబ్రవరి ఇరవై ఎనిమిదిలోగా ఫారం నింపి ఇవ్వాలి.

సికింద్రాబాదే అనుకున్నారు అందరూ. సుదర్శన్ కూడా అదే అనుకున్నాడు. కానీ ఫారం అల్మారాలో పెట్టి మూడు వారాలైంది. పెన్ను తీసినప్పుడల్లా చెయ్యి ఆగిపోయేది. ఎందుకో అతనికి తెలియలేదు.

యమున జాకెట్లకు మగ్గం పని చేస్తుంది. చట్రానికి బిగించిన గుడ్డ మీద సూదితో పూసలు కుడుతూ ఆమె అతన్ని గమనించింది. అతను డ్యూటీ నుంచి వస్తాడు. బూట్లు జతగా, గోడకు సమంగా పెడతాడు. తింటాడు. టీవీ ముందు కూర్చుంటాడు, కానీ టీవీ చూడడు.

"ఏమయ్యా, ఫస్ట్ వచ్చినవ్ గదా. సంబురం లేదా?"

"ఉన్నది."

బ్రేకులు సరిగ్గా ఉన్నాయని చెప్పే గొంతుతోనే ఆ మాట చెప్పాడు. యమున సూది గుడ్డకు గుచ్చి లేచింది. జానీ మియా బిడ్డకు ఫోన్ చేసింది.

జానీ మియా రిటైరైన డ్రైవరు. సుదర్శన్ మొదట అసిస్టెంటుగా చేరింది ఆయన దగ్గరే. ఆయన కూతురు నుస్రత్ హైదరాబాద్‌లో ఎనిమిదేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసింది. ఆ ఏటి మేటి ఉద్యోగిగా ఒకనాడు స్టేజీ ఎక్కింది. దిగాక ఎవరికి ఫోన్ చేయాలో తోచలేదు. అందరూ ఉన్నారు, చేయబుద్ధి కాలేదు. ఆ సంగతి ఏమిటో తేల్చుకోవాలని మనుషుల ఆలోచన తీరును దిద్దే మైండ్‌సెట్ కోచింగ్ చదివి, కాజీపేట దర్గా దగ్గరున్న సొంతింటికి వచ్చేసింది. మేడ మీద గది, రెండు కుర్చీలు, ఒక ల్యాప్‌టాప్. హనుమకొండ డాక్టర్లు ఆమెతో మాట్లాడటానికి వస్తారు. వేరే ఊళ్లవాళ్లు ల్యాప్‌టాప్‌లో మాట్లాడతారు. అందరూ గెలిచినవాళ్లే. గెలిచాక ఏం చేయాలో తెలియక వచ్చినవాళ్లు. "మా బిడ్డ పెద్దపెద్దోళ్ల బుర్రలకు సిగ్నల్ రిపేర్ చేస్తది," అని జానీ మియా వీధిలో చెప్పుకుంటాడు.

సుదర్శన్ చెప్పిన వేళకు ఆరు నిమిషాల ముందే మెట్ల కింద నిలబడ్డాడు.

"నాకు పిచ్చేం లేదమ్మా," అన్నాడు కుర్చీలో కూర్చుంటూ.

"పిచ్చుంటే దవాఖానకు పంపుతుంటి అన్నా. కూసో, చాయ్ తాగు." నుస్రత్ కప్పు అతని ముందుకు జరిపింది. "ఫస్ట్ వచ్చినవని తెల్వంగనే ముందుగల ఎవరికి చెప్పినవ్?"

"లిస్టు గోడకు అతికిచ్చిండ్రు. అందరు చూసిండ్రు."

"గోడ చెప్పింది. నువ్వు ఎవరికి చెప్పినవ్?"

సుదర్శన్ ఆలోచించాడు. "చెప్పాల్నా?"

"పరీక్ష ఎందుకు రాసినవ్?"

"రాస్తే పాసయితనని తెలుసు."

"సికింద్రాబాద్ ఎందుకు?"

"ఫస్ట్ వచ్చినోళ్లు గదే తీస్కుంటరు." చాయ్ కప్పు అందుకున్నాడు. "గ్రీన్ పడ్డంక ఆగితే, ఎందుకాగినవని అడుగుతరమ్మా. చిన్నప్పటి సంది అంతే. పదిల ఫస్ట్. ఐటీఐల ఫస్ట్. గ్రీన్ పడ్డది, పోయిన."

"బండి ఏడికి పోవాల్నో కంట్రోల్ ఆఫీసోళ్లు చెప్తరు. మరి నీకెవరు చెప్తానరు?"

సుదర్శన్ వాచీ చూసుకున్నాడు. వచ్చి ఏడు నిమిషాలే అయింది.

నుస్రత్ ఉపన్యాసం చెప్పలేదు. చిన్న పని అప్పజెప్పింది. పది రోజులు. రోజుకు మూడు. మనసుకు బాగనిపించినవి ఏవైనా సరే, చూసుకుని గుర్తుపెట్టుకుని రావాలి.

పదకొండో రోజు సుదర్శన్ ఒక నోట్‌బుక్కుతో వచ్చాడు. స్కేలు పెట్టి గీతలు గీసి ఉన్నాయి. మొదటి వరుసలో సమయం. రెండోదాంట్లో చోటు. మూడోదాంట్లో రంగు. చివర రిమార్కులు.

నుస్రత్ చదివింది. '6.10, ఇల్లు, చాయ్, గ్రీన్. 6.25, ఇల్లు, ఉప్మా, ఎల్లో, ఉప్పు ఎక్కువ. 7.40, నెక్కొండ దాటినాక, మంచు, గ్రీన్, చూపు తక్కువ.'

"రోజుకు మూడే గదా చెప్పిన?"

"రోజుకు పదకొండు రాసిన." అతను కొంచెం ముందుకు వంగాడు. "నీ దగ్గరికొచ్చేటోళ్లల్ల నాకంటె ఎక్కువ ఎవరన్న రాసిండ్రా?"

నుస్రత్ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. కింద అరుగు మీద కూర్చున్న జానీ మియా ఏమైందని కేకేశాడు.

"ఏం లేదబ్బా! అన్న సంతోషంల గూడ ఫస్ట్ వచ్చిండు!" అని తండ్రికి కేకేసి చెప్పింది.

సుదర్శన్‌కు ఒక నిమిషం పట్టింది. తర్వాత చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత అతనికీ నవ్వు వచ్చింది, మూసిన పెదాల వెనకే.

"చూడన్నా," అంది నుస్రత్, నవ్వు తగ్గాక. "నీకు సంతోషం లేక కాదు. ఈ బుక్కు నిండ ఉన్నది. నువ్వు చూస్తానవ్. చూసి దాటిపోతానవ్. పిలుస్తలేవు. మా అబ్బా ఇంజన్ దిగినంక గూడ పిలుస్తుండె. యాదికున్నదా?"

ఉంది. ఇరవై ఏళ్ల తర్వాత గుర్తొచ్చింది. డ్యూటీ దిగి ఇద్దరూ సైకిళ్ల మీద ఇంటికి పోయేవారు. జానీ మియా ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, రెండో చెయ్యి చాచి అరిచేవాడు. "మిర్చి బజ్జీ, కుడి దిక్కు!" సుదర్శన్ తిరిగి అరవాలి. "మిర్చి బజ్జీ, కుడి దిక్కు!" అరవకపోతే ఆయన సైకిల్ దిగి నిలబడేవాడు. రోడ్డు మీద జనం చూసేవారు.

"చాచా నవ్వులాటకు మస్కిరీలు చేస్తుండె అనుకున్న," అన్నాడు సుదర్శన్.

"మస్కిరీలే. గవే జెయ్యమంటాన. రాసుడు బంద్. ఏదన్న మంచిగనిపిస్తే గట్టిగ చెప్పు. పక్కనున్నోళ్లు తిరిగి చెప్పాలె. తిరిగి చెప్పకుంటే అది లెక్కల్లేదు."

మర్నాడు పొద్దున యమున మగ్గం ముందు కూర్చుని ఉంది. సుదర్శన్ చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. ఒక గుటక తాగాడు. కుడిచెయ్యి భుజం ఎత్తుకు చాచాడు.

"చాయ్ మంచిగుంది!"

యమున చేతిలో పూసలు చెల్లాచెదురయ్యాయి. పక్కింటి కిటికీ తెరుచుకుంది.

"ఏమైందయ్యా నీకు?"

"అట్ల గాదు. నేనన్నదే తిరిగి అనాలె."

ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసింది. జ్వరం లేదు. కళ్లు మామూలుగానే ఉన్నాయి. ఆమె కూడా చెయ్యి చాచింది.

"చాయ్ మంచిగుంది!"

అతను తలూపాడు. గ్లాసు కడిగి బోర్లించి డ్యూటీకి పోయాడు.

మొదటి రెండు రోజులు అతను తప్పులే పిలిచాడు. అలవాటు అది. "పప్పుల ఉప్పు, ఎల్లో!" అన్నాడు. యమున అంతే గట్టిగా "పప్పుల ఉప్పు, ఎల్లో!" అని, ఆ వెంటనే "మొగుని నోరు, రెడ్!" అంది. సుదర్శన్ ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. నియమం నియమమే. "మొగుని నోరు, రెడ్," అని నెమ్మదిగా తిరిగి చెప్పాడు. ఆ తర్వాత పప్పు మాట ఎత్తలేదు.

నాలుగో రోజు సాయంత్రం అతను ఇంట్లోనే ఉన్నాడు. ఆనాడు చెదిరి కలిసిపోయిన పూసలను రంగుల వారీగా గిన్నెల్లో వేరు చేస్తున్నాడు. ఎవరూ చెప్పలేదు. చేయాలనిపించింది. యమున కుడుతూ కుడుతూ ఆగి, తల ఎత్తకుండానే చెయ్యి చాచింది.

"మనిషి ఇంట్లున్నడు!"

సుదర్శన్ తిరిగి చెప్పబోయాడు. ఎర్ర పూస ఒకటి నీలం గిన్నెలో వేసి, తీసి, మళ్లీ ఎర్ర గిన్నెలో వేశాడు.

"మనిషి ఇంట్లున్నడు," అన్నాడు.

ఫారం ఇవ్వడానికి ఇంకా మూడు రోజులున్నాయి.

ఇరవై ఆరో తేదీ పొద్దున డ్యూటీ రాసుకోవడానికి లాబీకి పోతే, అక్కడి గుమస్తా కిషన్ రావు రిజిస్టరు మీంచి చూశాడు. కిషన్ రావుకు ఎవరినీ గిల్లకుండా పొద్దు గడవదు.

"సుదర్శనూ, ఇయ్యాల నీకు ఎక్స్‌ప్రెస్ లేదు. డోర్నకల్ పాసింజరు. అసలాయన లీవు పెట్టిండు. ఏం ఫికర్ జెయ్యకు, సికింద్రాబాద్ సారువైనంక ఇసొంటి బండ్లు నీ మొకం గూడ చూడయ్."

అంతకుముందైతే సుదర్శన్‌కు ఆ రోజంతా ముల్లు గుచ్చుకున్నట్టు ఉండేది. పాసింజరు ప్రతి స్టేషన్లో ఆగుతుంది. ఎక్స్‌ప్రెస్ వస్తే పక్కకు తప్పుకుని నిలబడుతుంది. దాంట్లో ఎవరికీ షీల్డు రాదు.

అతనితో అసిస్టెంటుగా పద్మలత ఎక్కింది. ముప్పై రెండేళ్ల మనిషి. మూడేళ్లుగా అతనితో పనిచేస్తోంది. తక్కువ మాట్లాడుతుంది, సిగ్నల్ మాత్రం బల్ల గుద్దినట్టు పిలుస్తుంది.

"గ్రీన్!"

"గ్రీన్!"

వరంగల్ దాటింది. నెక్కొండ దాటింది. కేసముద్రం దగ్గర బండిని పక్క పట్టాల మీద నిలబెట్టారు. వెనక ఎక్స్‌ప్రెస్ ఉంది. అతను రోజూ నడిపేదే. ఇవాళ ఇంకెవరో నడుపుతున్నారు. ఇంజన్ గుడగుడ తప్ప చప్పుడు లేదు.

సుదర్శన్ కిటికీలోంచి చూశాడు. పట్టాల అవతల కల్లం. నేలంతా మిర్చి ఆరబోశారు. ఇద్దరు ఆడవాళ్లు నెత్తికి తువ్వాళ్లు చుట్టుకుని కాళ్లతో కాయలను తిరగేస్తున్నారు. ఎరుపు. ఎండలో ఇంకా ఎరుపు. ఇరవై రెండేళ్లు ప్రతి ఫిబ్రవరిలో ఈ ఎరుపు అతని కంటి కొసకు తగిలేది. తగిలినప్పుడల్లా గుండె ఒకసారి అదిరేది. సిగ్నల్ కాదని తెలిశాక కుదురుకునేది. అంతే, ఎప్పుడూ దానివైపు తిరిగి చూడలేదు.

ఇవాళ చూశాడు. బండి ఆగి ఉంది. చూడటానికి వీలుంది.

అతను చెయ్యి చాచాడు.

"మిర్చి!"

పద్మలత అలవాటు ప్రకారం చెయ్యి చాచింది. "మిర్చి!" అని అరిచి, అప్పుడు ఉలిక్కిపడింది. "సార్?"

"ఏం లేదమ్మా. మిర్చి. ఎంత ఎర్రగుందో చూడు."

ఆమె చూసింది. ఇద్దరూ చూశారు. ఎక్స్‌ప్రెస్ గాలి కొట్టుకుంటూ వెళ్లిపోయింది. గాలితో పాటు ఘాటు వచ్చి ఇద్దరూ తుమ్మారు. ముందు అతను, తర్వాత ఆమె.

"ఇది గూడ తిరిగి చెప్పినట్టేనా సార్?" అంది పద్మలత ముక్కు తుడుచుకుంటూ. మూడేళ్లలో ఆమె అతనితో వేసిన మొదటి జోకు అది.

డోర్నకల్‌లో మూడు గంటల విరామం. ప్లాట్‌ఫారం చివర కొత్తగా చేరిన అసిస్టెంట్లు నలుగురు నిలబడి ఉన్నారు. ఇద్దరు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు. దూరంగా కనపడే సిగ్నల్‌ను చూసి పిలవడం నేర్చుకోవాలి. వాళ్లకు నేర్పాల్సిన ఇన్‌స్పెక్టర్ పోస్టు ఆరు నెలలుగా ఖాళీ. ఎవరూ డోర్నకల్ కోరుకోరు. నలుగురూ సెల్ఫోన్లో మాట్లాడుతున్నట్టు మెల్లగా పిలుస్తున్నారు. ప్రయాణికులు చూసి నవ్వుతున్నారని సిగ్గు.

సుదర్శన్ అన్నం డబ్బా విప్పబోయాడు. విప్పలేదు. లేచి పోయాడు.

"ఎవరి కోసం పిలుస్తానరు?" అని అడిగాడు.

"డ్రైవర్ సార్ కోసం," అన్నారు.

"కాదు. ముందు మీ చెవుల కోసం. మీ గొంతు మీకు వినపడాలె. అప్పుడే మీరు చూసినట్టు. చెయ్యి పూర్తిగ చాచు. ఆ, గట్ల. జనం నవ్వుతరు. నవ్వనియ్."

మొదటివాడు పిలిచాడు. మిగతా ముగ్గురూ తిరిగి చెప్పారు. రెండోసారి గొంతు పెరిగింది. మూడోసారి కుక్క ఒకటి లేచి పోయింది. సుదర్శన్ వాళ్ల చేతులు సర్దాడు. ఎక్కడ చూడాలో, ఎంత ముందు చూడాలో చెప్పాడు. తర్వాత జానీ మియా గుర్తొచ్చాడు.

"ఇగ సిగ్నల్ గానిది ఒకటి పిలువుండ్రి. ఏదన్న సరే."

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివర నిలబడ్డ అమ్మాయి చెయ్యి చాచింది.

"ఆకలి!"

"ఆకలి!" అని ముగ్గురు.

"ఆకలి!" అన్నాడు సుదర్శన్ కూడా, అనుకోకుండా, నిండుగా. అని నవ్వాడు. ఈసారి పెదాలు మూసుకోలేదు. బెంచీ మీద కూర్చుని చూస్తున్న పద్మలత, ఈయనకు పళ్లు ఇంత బాగుంటాయని ఇప్పుడే చూశాను అనుకుంది. ఆ మాట తర్వాత తనే అందరికీ చెప్పింది.

అతను డబ్బా విప్పాడు. ఐదుగురూ పద్మలతను కూడా పిలిచి, ఉన్నది పంచుకుని తిన్నారు. పప్పులో ఉప్పు సరిపోయింది. మూడు గంటలూ ఎప్పుడు గడిచాయో సుదర్శన్ చూసుకోలేదు. "సార్, బండికి టైమైతాంది," అని పద్మలతే చెప్పాల్సి వచ్చింది. ఆ మాట ఎవరైనా తనతో అనడం అతనికి గుర్తులేదు.

తిరుగు బండిలో అతను సిగ్నళ్లు మాత్రమే పిలిచాడు. నెక్కొండ దగ్గరకు వచ్చేసరికి లోపల ఏదో కుదురుకుంది. తన విషయంలో ముందు ఏ గ్రీనూ పడలేదు. అయినా ఎటు పోవాలో తెలిసింది.

మర్నాడు అతను లాబీ బల్ల మీదే ఫారం నింపి కిషన్ రావుకు ఇచ్చాడు. కిషన్ రావు చదివాడు. కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ చదివాడు.

"సుదర్శనూ, డోర్నకల్ అని రాసినవ్."

"అవు."

"ఫస్ట్ ర్యాంకోడివి. డోర్నకల్ అడిగినోడు ఇప్పటిదాంక లేడు. మతి ఉండే రాసినవా?"

"కుదురుగనే రాసిన. దస్తూరి చూడు."

"ఆడ ఏమున్నదయ్యా?"

సుదర్శన్ కాస్త ఆలోచించాడు. "పిలిస్తే పలికేటోళ్లు ఉన్నరు," అన్నాడు.

"సికింద్రాబాద్‌ల పలుకరా?"

"ఆడ ఉండేది ఫైళ్లే. ఫైళ్లకు పలుకుడు రాదు."

కిషన్ రావు ఫారం మీద ముద్ర వేసి, దాన్ని మరోసారి చూసి, "సికింద్రాబాద్ దొరికిందని రెండోటోడు నీ పేరు చెప్పి మొక్కుతడు పో," అన్నాడు.

బయటికి వచ్చి సుదర్శన్ సైకిల్ ఎక్కాడు. నుస్రత్ అడిగింది గుర్తొచ్చింది. ముందుగల ఎవరికి చెప్పినవ్? ఫోన్ జేబులోనే ఉంది. తియ్యలేదు. ఇది ఫోన్లో చెప్పేది కాదు. దర్గా రోడ్డు మలుపు దగ్గర జానీ మియా అరుగు మీద కూర్చుని చాయ్ చల్లార్చుకుంటున్నాడు. సుదర్శన్‌ను చూసి ముసలి చెయ్యి పైకి లేపాడు.

"చాయ్, ఎడమ దిక్కు!"

"చాయ్, ఎడమ దిక్కు!" అని అరిచాడు సుదర్శన్, ఆగకుండానే. "మల్లొస్త చాచా! ఇంటికి పోవాలె!"

"ఎందుకురా గంత తొందర?" వెనక నుంచి ముసలి గొంతు.

ఇంటి ముందు సైకిల్ దిగాడు. బూట్లు విప్పాడు. ఒకటి ఇటు, ఒకటి అటు పడ్డాయి. వదిలేశాడు. తలుపు తెరిచే ఉంది. యమున మగ్గం మీద వంగి ఉంది, పెదాల మధ్య దారం. గడపలో నిలబడి అతను చెయ్యి చాచాడు.

"డోర్నకల్!"

ఆమెకు ఏమీ తెలియదు. ఫారం సంగతి తెలుసు గానీ, అందులో ఏం రాశాడో తెలియదు. అయినా పెదాల మధ్య దారం తీసేసింది. చెయ్యి చాచింది.

"డోర్నకల్!"

అప్పుడు అడిగింది, "ఎందుకు?"

సుదర్శన్ వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. కేసముద్రం మిర్చితో మొదలుపెట్టాడు. యమున సూదిని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది. చెప్పడానికి చాలా ఉంది. అతను వాచీ చూసుకోలేదు.